గంట మోగింది, మాట వినిపించలేదు!

మా ఇంట్లో ఇంటర్నెట్ ఫోను పెట్టె బిగించిన రోజున ఒక చిత్రం జరిగింది. హైదరాబాదు నుంచి మా అమ్మాయి నేరుగా ఆ పెట్టెకే ఫోను చేసింది. గంట మోగింది. నా మాటలు ఆమెకు చక్కగా వినిపించాయి. ఆమె మాట మాత్రం నాకు ఒక్కటీ వినిపించలేదు! తీగలో లోపమా అంటే కాదు. మరి ఆ మాటలు ఎక్కడ ఆగిపోయినట్లు?

విద్యార్థులారా! దీని జవాబు మన యాదగిరిగుట్ట సత్రాల్లో దొరుకుతుంది. సత్రానికి వీధి చిరునామా ఒక్కటే. లోపల గదులు ఎన్నో. లోపలివారు ఎవరికైనా కబురు పంపితే గేటు దగ్గరి కాపలాదారు దాన్ని పుస్తకంలో రాసుకుంటాడు. జవాబు రాగానే సరైన గదికి చేరుస్తాడు. గది సంఖ్య తెలియని కొత్త మనిషి వస్తే మాత్రం గేటు దగ్గరే ఆపేస్తాడు.

మన ఇంట్లోని రౌటరు అలాంటి కాపలాదారే. ఇంటర్నెట్ పాత పద్ధతిలో చిరునామాకు 32 బిట్లు. అంటే మొత్తం 429,49,67,296 చిరునామాలు. ప్రపంచంలోని పరికరాలన్నింటికీ ఇవి చాలవు. అందుకే ఇంటికంతా ఒకే బయటి చిరునామా ఇచ్చి, లోపల 192.168తో మొదలయ్యేలాంటి సొంత చిరునామాలు వాడే ఏర్పాటు 1990లలో వచ్చింది.

రెండు తలుపుల కథ

ప్రతి చిరునామాకూ 0 నుంచి 65,535 వరకు సంఖ్యలు వేసిన తలుపులుంటాయి. వీటినే పోర్టులంటారు. గంట మోగించే సందేశం సాధారణంగా 5060 పోర్టుకు వస్తుంది. మాటలు వేరే పోర్టుల గుండా చిన్నచిన్న పొట్లాలుగా ప్రయాణిస్తాయి. 5060కి వచ్చినదాన్ని ఫోను పెట్టెకు పంపమని రౌటరుకు చెప్పాను గాని, మాటల పోర్టుల సంగతి మరిచాను! మా పెట్టె ఆమెకు ఒక తలుపు సంఖ్య చెప్పింది. రౌటరేమో నా మాటలను మరో తలుపు గుండా పంపింది. ఆమె మాటలు మొదటి తలుపు తట్టి, తీసేవారు లేక అక్కడే ఆగిపోయాయి.

సరిచేయడం ఎలా?

1. ఫోను పెట్టెకు ఇంట్లో మారని చిరునామా ఇవ్వాలి. ఉదాహరణకు 192.168.1.20. గది మారితే కబురు తప్పుతుంది కదా!

2. పెట్టెలో మన బయటి చిరునామాను నింపాలి.

3. రౌటరులో 5060తో పాటు, పెట్టెతో వచ్చిన పుస్తకంలో చెప్పిన మాటల పోర్టులన్నింటినీ ఆ పెట్టెకు మళ్లించాలి. దీన్నే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు.

4. పరీక్ష ఇంటి వైఫై నుంచి కాకుండా బయటి నుంచి చేయాలి.

ఒక హెచ్చరిక. తెరిచిన తలుపు దొంగకూ తెరిచినట్లే. అపరిచితులు పాస్‌వర్డు ఊహించి మన ఖర్చుతో విదేశాలకు ఫోన్లు చేయగలరు. కనుక గట్టి పాస్‌వర్డు పెట్టాలి. అవసరమైన పోర్టులే తెరవాలి.

ఇన్ని చేసినా ఫోను రాలేదా? ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ అనేక ఇళ్లను ఒకే చిరునామా వెనుక ఉంచి ఉండవచ్చు. అప్పుడు మన గేటు బయట మరో గేటు ఉన్నట్లే! దాని తాళం మన దగ్గర ఉండదు. వేరే చిరునామా ఇమ్మని సంస్థనే అడగాలి.

మీకొక ప్రశ్న. వాట్సాప్ ఫోనుకు మనం ఏ తలుపూ తెరవనవసరం లేదు. ఎందుకని? కాపలాదారు పుస్తకాన్ని గుర్తు తెచ్చుకోండి. ముందుగా కబురు పంపింది లోపలివారా, బయటివారా?