ఎగిరేముందే... దిగడం నేర్చుకోవాలి!

నాలుగు చక్రాల బండి గాల్లోకి లేస్తే చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. నడిపేవాళ్ల ప్రాణం మాత్రం కిందికి దిగాకే కుదుటపడుతుంది. ఆ దిగడం సవ్యంగా జరుగుతుందా లేదా అన్నది చాలావరకూ ముందే తేలిపోతుంది... షెడ్డులో స్క్రూడ్రైవరు పట్టుకుని తిప్పిన నాలుగైదు మరల దగ్గర. క్వాడ్ బైకును దూకుడుకు సిద్ధం చేయడం వెనక ఉన్న కథ ఇది.

అమెరికాలోని టెనెసీ రాష్ట్రం... హరికేన్ మిల్స్. గాయని లొరెట్టా లిన్ పేరుతో ఉన్న విశాలమైన వ్యవసాయ క్షేత్రం. అక్కడి మట్టి ట్రాక్ మీద జాతీయ స్థాయి ఏటీవీ మోటోక్రాస్ పోటీలు జరుగుతుంటాయి. గేటు పడగానే క్వాడ్ బైకులన్నీ ఒక్కసారిగా గర్జిస్తూ మొదటి మలుపులోకి దూసుకెళ్తాయి. ఆ తర్వాత ఎదురయ్యే మట్టిదిబ్బ అంచు నుంచి ఒక్కొక్కటీ గాల్లోకి లేస్తుంది. చక్రాలు నాలుగూ కిందికి వేలాడతాయి. ఒకట్రెండు క్షణాలు... అంతే. అవతలి వాలు మీద దిగి, ఏమీ జరగనట్టు మళ్లీ పరుగందుకుంటాయి.

ఆ 'ఏమీ జరగనట్టు' వెనకే ఉంది అసలు విద్యంతా!

పాతిక సెంటీమీటర్లే దిక్కు

యమహా సంస్థ 2009లో తెచ్చిన వైఎఫ్‌జెడ్450ఆర్ క్వాడ్‌నే చూద్దాం. బరువు దాదాపు 184 కిలోలు. 70 కిలోల మనిషి ఎక్కితే మొత్తం 250 దాటుతుంది. అది రెండు మీటర్ల ఎత్తు నుంచి పడిందనుకుంటే నేలను తాకేసరికి వేగం గంటకు 22 కిలోమీటర్ల పైచిలుకు. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ వేగాన్నంతా మింగేయడానికి సస్పెన్షన్‌కు ఉన్న చోటు ఎంతో తెలుసా? ముందు చక్రాలకు పాతిక సెంటీమీటర్లు, వెనక 28. సమతల నేల మీద పడితే ఆ కాస్త చోటులో ఆగడానికి కావలసిన బలం, మొత్తం బరువుకు సగటున తొమ్మిది రెట్లు. అంటే రెండు టన్నులకు పైనే! అందుకే దిగేచోటును వాలుగా కడతారు. వాలు మీద దిగితే పడే వేగంలో కొంత ముందుకు పరుగుగా మారిపోతుంది.

ఆ చోటు చాలకపోతే సస్పెన్షన్ అడుగంటా కుంగి 'ఠక్'మంటుంది. ఇక మిగిలిన దెబ్బంతా నడిపేవాళ్ల మణికట్లకు, చీలమండలకు, వెన్నుపూసకు.

మొదట్లో స్ప్రింగులే లేవు

1970లో హోండా తెచ్చిన తొలి మూడు చక్రాల ఏటీవీకి సస్పెన్షన్ అంటూ ఏమీ లేదు. బుడగల్లాంటి లావాటి టైర్లే దానికి స్ప్రింగులు. వాటితో దూకితే బంతిలా ఎగిరిపడటమే. మూడు చక్రాలవి తిరగబడి ప్రమాదాలు పెరగడంతో 1988లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌తో ఒప్పందం కుదిరి, కంపెనీలు వాటి అమ్మకాలు ఆపేశాయి. అప్పటికే నాలుగు చక్రాలవి రంగంలోకి దిగాయి. సుజుకి 1985లో క్వాడ్‌రేసర్ 250ని, హోండా 1986లో ఫోర్‌ట్రాక్స్ 250ఆర్‌ని తెచ్చాయి. పరుగు పందేల ఊపంతా వాటితోనే. చక్రం ఎక్కువ దూరం పైకీ కిందికీ ఆడేలా, ఆ ఆటను కావలసినట్టు సర్దుకునేలా షాకబ్జార్బర్లు మెరుగుపడుతూ వచ్చాయి.

ముందు ఎత్తు... తర్వాతే ఏదైనా

షాకబ్జార్బర్‌లో ఇద్దరు పనివాళ్లుంటారు. ఒకటి స్ప్రింగు, రెండోది నూనె. స్ప్రింగు మహా నిజాయతీ గలది. పుచ్చుకున్న బలాన్ని దాచుకోదు, వెంటనే తిరిగిచ్చేస్తుంది. చిక్కంతా అదే! దాన్ని అదుపు చేసేది నూనె. సన్నటి రంధ్రాల్లోంచి దూరి వెళ్తూ ఆ బలాన్ని వేడిగా మార్చేస్తుంది. ఆఫీసు తలుపు ధడాలున కొట్టుకోకుండా మెల్లగా మూసుకునేలా చేసే పరికరంలో జరిగేదీ ఇదే.

మొదట చూసుకోవాల్సింది స్ప్రింగు సంగతి. బండిని స్టాండు మీదికి ఎత్తి చక్రాలు వేలాడేలా చేసి, ఇరుసు నుంచి పైన ఒక గుర్తుదాకా ఎంతుందో కొలుస్తారు. తర్వాత హెల్మెట్, బూట్లతో సహా నడిపే మనిషిని కూర్చోబెట్టి మళ్లీ కొలుస్తారు. ఆ తేడాయే మనిషి బరువుకు బండి కుంగిన లెక్క. మొత్తం ఆటలో దాదాపు మూడోవంతు కుంగాలన్నది తరచూ వినిపించే సూత్రం. ఏ బండికి ఎంతన్నది దాని మాన్యువల్లో ఉంటుంది.

ఎక్కువ కుంగితే స్ప్రింగు మీదున్న రింగును బిగిస్తారు. దాన్నే ప్రీలోడ్ అంటారు. అది బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందనుకుంటారు చాలామంది. నిజానికి గట్టిపడదు, బండి ఎత్తు పెరుగుతుందంతే. ఎంత బిగించినా లెక్క కుదరకపోతే మనిషి బరువుకు తగ్గ వేరే స్ప్రింగు వేసుకోవాల్సిందే. 60 కిలోల కుర్రాడికి కుదిరిన బండి 95 కిలోల పెద్దాయనకు అచ్చిరాకపోవడానికి కారణం ఇదే.

కుంగేటప్పుడు... లేచేటప్పుడు

ఇక నూనె వంతు. సస్పెన్షన్ కుంగేటప్పుడు అడ్డుకునే మర కంప్రెషన్. మంచి షాకబ్జార్బర్లలో ఇందులోనే రెండుంటాయి... తక్కువ వేగానిది, ఎక్కువ వేగానిది. ఇక్కడ వేగమంటే బండిది కాదు, షాకబ్జార్బర్ కడ్డీ లోపలికి దూసుకెళ్లే వేగం. బ్రేకు వేసినప్పుడు, మలుపులో ఒరిగినప్పుడు అది మెల్లగా కదులుతుంది. దూకి పడినప్పుడు మెరుపులా దిగుతుంది. కాబట్టి పడ్డప్పుడు 'ఠక్'మంటుంటే సర్దాల్సింది ఎక్కువ వేగపు మరనే. అలాగని బిగించేసినా లాభం లేదు. ట్రాక్‌లోని అతి పెద్ద దూకుడులో ఒక్కసారి అడుగును అలా తాకీతాకనట్టు ఉంటే సరిగ్గా కుదిరినట్టు. ఎప్పుడూ తాకడమే లేదంటే ఉన్న పాతిక సెంటీమీటర్లలో కొన్నిటిని వృథా చేసుకుంటున్నట్టే.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది మూడోది, రీబౌండ్. కుంగిన స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే మర. దిబ్బ ఎక్కేటప్పుడు వెనక సస్పెన్షన్ బాగా కుంగుతుంది. రీబౌండ్ మరీ వదులుగా ఉంటే సరిగ్గా అంచు దగ్గర స్ప్రింగు ఒక్కసారిగా విదిలించుకుని వెనక భాగాన్ని పైకి తంతుంది. ముక్కు కిందికి వాలిపోతుంది. గాల్లో ఉన్న మనిషికి అంతకన్నా భయానకమైన క్షణం ఉండదు. పల్టీ కొట్టి మీదపడేది రెండొందల కిలోల ఇనుము మరి! పోనీ బాగా బిగిద్దామా అంటే, గతుకుకూ గతుకుకూ మధ్య సస్పెన్షన్ పూర్తిగా లేవలేక కుంగుతూ కుంగుతూ కిందికి జారిపోతుంది. తర్వాతి దూకుడుకు చోటే మిగలదు.

పుస్తకం, పెన్సిలు, ఓపిక

సర్దడంలో అనుభవజ్ఞులు పాటించే పద్ధతి చాలా సాదాసీదా. ముందుగా ప్రతి మరనూ సున్నితంగా చివరిదాకా బిగిస్తూ ఎన్ని క్లిక్కులు వచ్చాయో రాసుకుంటారు. మళ్లీ అక్కడికే తెచ్చి వదిలేస్తారు. ఏం చెడినా తిరిగి రావడానికి అదే ఇల్లు. ఆ తర్వాత ఒకసారికి ఒక్క మరే, అదీ ఒకట్రెండు క్లిక్కులే తిప్పుతారు. అదే దిబ్బ, అదే వేగం. తేడా ఏంటో రాసుకుని అప్పుడు రెండోది. మొదట చిన్న దిబ్బ, కుదిరాకే పెద్దది.

క్వాడ్‌కు ముందువైపు రెండు షాకబ్జార్బర్లు ఉంటాయి. ఎడమవైపు ఎన్ని క్లిక్కులో కుడివైపూ అన్నే ఉండాలి. లేదంటే బండి గాల్లోనే ఓ పక్కకు ఒరుగుతుంది. టైర్ల గాలీ అంతే. కారు టైరులో 30 పీఎస్‌ఐ ఉంటే రేసు క్వాడ్ టైరులో ఉండేది ఐదూ ఆ ప్రాంతంలోనే. అంత తక్కువలో ఒక్క పాయింటు తేడా అంటే ఐదోవంతు తేడా అన్నమాట! ఒక్క హెచ్చరిక... షాకబ్జార్బర్ పక్కనుండే డబ్బాలో నైట్రోజన్ వాయువు ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది. దాన్ని ఇంట్లో విప్పే సాహసం చేయకూడదు.

అన్ని బళ్లూ ఎగరవు

హైదరాబాద్ శివార్లలోని సాహస క్రీడల పార్కుల్లో, రిసార్టుల్లో పిల్లలు ముచ్చటపడి ఎక్కే ఏటీవీలూ చూడ్డానికి ఇలాగే ఉంటాయి. కానీ షికార్లకు, పొలం పనులకు చేసిన ఆ బళ్లు దూకడానికి పనికిరావు. విన్యాసాలు చేయొద్దని వాటి మాన్యువళ్లలోనే రాసి ఉంటుంది. పదహారేళ్ల లోపు పిల్లలకు పెద్దల బళ్లు ఇవ్వొద్దనీ కంపెనీలే చెబుతాయి. అమెరికాలో ఏటా వందలమంది ఇలాంటి వాహనాల ప్రమాదాల్లో చనిపోతున్నారు. కాబట్టి హెల్మెట్ లేకుండా సరదాకైనా ఎక్కకూడదు.

ఇంత కథా విన్నాక ఒకసారి ఇంటిముందున్న మోటారుసైకిల్ వెనక చక్రం వైపు చూడండి. చాలా బళ్లకు స్ప్రింగు దగ్గర మెట్లుమెట్లుగా తిరిగే రింగు ఉంటుంది. అదీ ప్రీలోడే! ఒక్కరే వెళ్తే ఒక మెట్టు, వెనక ఇంకొకరు కూర్చుంటే ఇంకో మెట్టు. బండి కొన్నప్పటి నుంచీ దాన్ని ముట్టుకోని ఇళ్లే ఎక్కువ. దిబ్బలు దూకకపోయినా మన రోడ్ల మీద గుంతలకేం కొదవ... నడుం నొప్పికి మందు కొనేముందు ఆ రింగును ఓసారి తిప్పి చూస్తే పోలా!