చదరంగం క్రీడేనా?
చెమటతో తేలని వాదం - జాబితాలతో ముడిపడిన భవిష్యత్తు

తెలుగులో ఆట అన్నా, క్రీడ అన్నా ఒకటే. ప్రభుత్వ దస్త్రాలలో మాత్రం ఆ రెండు మాటల మధ్య అవార్డులు, ఉద్యోగాలు, శిక్షణ నిధులు ఉన్నాయి. కనుకనే ఒంటికి చెమట పట్టని చదరంగాన్ని క్రీడగా పరిగణించవచ్చా అన్న చర్చ కేవలం కాలక్షేపపు చర్చ కాదు.

ఆ ప్రశ్నకు మన దేశం ఏనాడో సమాధానం చెప్పింది. అర్జున అవార్డులను నెలకొల్పిన 1961లోనే, ఆ తొలి జాబితాలోనే చదరంగ క్రీడాకారుడు మాన్యుయెల్ ఆరన్‌కు చోటు దక్కింది. దేశ అత్యున్నత క్రీడా పురస్కారమైన ఖేల్‌రత్నను 1991-92లో మొట్టమొదటగా అందుకున్నది విశ్వనాథన్ ఆనంద్. 2024 సంవత్సరానికి అదే పురస్కారం గుకేశ్‌కు లభించింది. క్రీడాకారుల కోటాలో కేంద్ర ప్రభుత్వోద్యోగాలకు అర్హమైన క్రీడల జాబితాలోనూ చదరంగం ఉంది. ఆ జాబితాలో క్యారమ్స్ కూడా ఉందన్నది గమనార్హం.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. శారీరక శ్రమ ఉంటేనే క్రీడ అన్న నిర్వచనాన్ని అక్కడి క్రీడా మండలి పట్టుకుని కూర్చుంది. బ్రిడ్జి ఆటగాళ్ల సంఘం దీనిపై కోర్టుకెక్కి 2015లో ఓడిపోయింది. చదరంగానిదీ అక్కడ అదే గతి.

శ్రమనే కొలబద్దగా తీసుకున్నా వాదం అంత తేలికగా తెగదు. 1984 సెప్టెంబరులో మాస్కోలో మొదలైన కార్పోవ్, కాస్పరోవ్‌ల ప్రపంచ టైటిల్ పోరు ఐదు మాసాలు సాగింది. 48 ఆటలు ఆడినా ఫలితం తేలకపోవడంతో 1985 ఫిబ్రవరిలో దానిని అర్ధంతరంగా నిలిపివేశారు. ఆ పోరులో కార్పోవ్ బాగా బరువు కోల్పోయి చిక్కిపోయాడని నాటి పత్రికలు రాశాయి. ఇక కదలకుండా నిలబడి తుపాకీ పేల్చే షూటింగ్‌ను క్రీడ కాదనేవారు ఎవరూ లేరు. ఎంత చెమట పడితే క్రీడ అవుతుందో తూచి చెప్పగల తక్కెడ ఎవరి వద్దా లేదు.

అసలు చిక్కు నిర్వచనంలో లేదు, పోటీల జాబితాలో ఉంది. చదరంగానికి 2006 దోహా ఆసియా క్రీడలలో ప్రవేశం లభించింది. అక్కడ కోనేరు హంపి వ్యక్తిగత స్వర్ణం గెలిచింది. హంపి, హరికృష్ణ, శశికిరణ్‌ల బృందం మిశ్రమ జట్టు స్వర్ణం తెచ్చింది. 2010లో గ్వాంగ్‌జౌలో ద్రోణవల్లి హారికకు కాంస్యం దక్కింది. తరువాత 2014, 2018 క్రీడల నుంచి చదరంగాన్ని తొలగించారు. మళ్లీ చోటిచ్చింది 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడలలోనే. అక్కడ మన పురుషుల, మహిళల జట్లు రెండూ రజతాలు సాధించాయి.

కాగా, 2013 తరువాత 2022 వరకు చదరంగంలో ఎవరికీ అర్జున అవార్డు రాలేదు. ఆ మధ్యకాలంలోనే హరికృష్ణ ప్రపంచ ర్యాంకింగ్‌లో పదో స్థానానికి చేరాడు. 2020లో ఇంటర్నెట్‌పై జరిగిన ఒలింపియాడ్‌లో భారత్ రష్యాతో కలిసి స్వర్ణం పంచుకుంది. ఆటలో లోటు లేదు, ఆడిన వేదికే లెక్కలోకి రాలేదు అనుకోవలసి వస్తుంది.

ఇందుకు మూల్యం చెల్లించేది కుటుంబాలు. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగుతో పాటు సాధారణంగా మూడు నార్మ్‌లు కావాలి. నార్మ్‌కు విదేశీ ప్రత్యర్థులు అవసరం. అంటే పిల్లవాడితో పాటు తల్లో తండ్రో ఐరోపా టోర్నీల చుట్టూ తిరగాలి. గుకేశ్ కోసం వైద్యుడైన తండ్రి తన ప్రాక్టీసునే పక్కన పెట్టాడు. 2024 డిసెంబరులో గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాక తమిళనాడు ప్రభుత్వం రూ.5 కోట్లు ప్రకటించింది. ఆ సొమ్ము ముట్టేది గెలిచినవాడికే. దారి మధ్యలో డబ్బు చాలక ఆగిపోయినవారి పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 1999లోనే ఫిడేను గుర్తించింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ సందర్భంగా ఆనంద్, షిరోవ్‌లు ప్రదర్శన ఆటలు కూడా ఆడారు. పతకాల పట్టికలోకి మాత్రం చదరంగం ప్రవేశించలేదు. అయితే ఆతిథ్య దేశం కొన్ని అదనపు క్రీడలను ప్రతిపాదించవచ్చునన్న నిబంధన ఉంది. 2036 ఒలింపిక్స్ నిర్వహణకు ఆసక్తి తెలుపుతూ భారత్ 2024 అక్టోబరులో లేఖ పంపింది. ఆ అవకాశం దక్కితే చదరంగం పేరు రాసే కలం మన చేతికే వస్తుంది.