కొండ దారిలో సైకిలు - వాహనాలు లేని కంకర బాట చెప్పే పాఠాలు

వ్యాయామం చేయమని చెప్పినప్పుడు చాలామంది నోట వచ్చే మాట ఒకటుంది. “చేయాలనే ఉందండీ, కాని రోడ్డెక్కితే లారీలు, బస్సులు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కాలి.” ఈ భయాన్ని మేము తేలికగా కొట్టివేయము. అది న్యాయమైన భయమే. అయితే భయం రోడ్డు మీద వాహనాలను చూసి గాని, సైకిలును చూసి కాదు కదా! వాహనాలే లేని దారి దొరికితే, అదీ కొండల్లో, అప్పుడు ఎవరు తొక్కవచ్చు, ఎలా తొక్కాలి అన్నది ఈసారి తెలుసుకుందాము.

ఇందుకు అమెరికాలోని ఒక దారిని ఉదాహరణగా తీసుకుంటున్నాము. మన కుటుంబాలలో పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నవారు చాలామంది. వేసవిలో వారి దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు ఈ వివరాలు నేరుగా ఉపయోగపడతాయి. మిగిలినవారికి ఇందులోని జాగ్రత్తలు పనికివస్తాయి.

రైలు పోయిన దారిలో సైకిలు

ఆ దారి పేరు గ్రేట్ ఆలెగెనీ పాసేజ్. మేరీల్యాండ్ రాష్ట్రంలోని కంబర్లాండ్ నుండి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ వరకు ఆలెగెనీ కొండల గుండా 150 మైళ్లు, అంటే సుమారు 240 కిలోమీటర్లు సాగుతుంది. ఇందులో చాలా భాగం ఒకప్పటి రైలుమార్గమే. 1975లో వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్వే ఇక్కడ రైళ్లను ఆపివేసిన తరువాత పట్టాలు తీసి, ఆ కట్ట మీదే బాట వేశారు. 1986లో ఒహాయోపైల్ అనే ఊరి దగ్గర మొదటి ముక్క తెరిచారు. 2013లో పిట్స్‌బర్గ్ చేరడంతో పని పూర్తయింది.

బాట మీద పరిచింది సున్నపురాయి నలిపిన సన్న కంకర. మన క్రషర్లలో వచ్చే చిప్స్, డస్ట్ కలిపి గట్టిగా దిమ్మిస చేసినట్టు ఉంటుంది. కార్లకు, మోటారు సైకిళ్లకు ప్రవేశం లేదు. ఎక్కువగా నడిచేవారు, సైకిలు తొక్కేవారు ఉంటారు.

కొండ అయినా తేలిక ఎందుకు?

రైలు నిటారైన ఎత్తు ఎక్కలేదు. అందుకే ఆనాటి ఇంజనీర్లు కొండను తొలిచి సొరంగాలు వేశారు, లోయల మీద వంతెనలు కట్టారు. బిగ్ శావేజ్ సొరంగం పొడవు 3,294 అడుగులు. సాలిస్‌బరీ వంతెన పొడవు 1,908 అడుగులు. బాటలో అన్నింటికంటే ఎత్తయిన చోటు 2,392 అడుగులు. కంబర్లాండ్ నుండి అక్కడికి సుమారు 24 మైళ్లలో 1,700 అడుగులకు పైగా ఎక్కాలి. వినడానికి ఎక్కువే అయినా, లెక్క వేస్తే వంద అడుగుల దూరానికి రెండు అడుగుల ఎత్తు కూడా పెరగదు. పిట్స్‌బర్గ్ వైపు నుండి వస్తే వాలు ఇంకా తక్కువ.

గుండెకు దీని అర్థం ఏమిటి? నిటారు ఎత్తులో గుండె ఒక్కసారిగా వేగంగా కొట్టుకుంటుంది, బి.పి. పెరుగుతుంది, మోకాళ్ల మీద ఒత్తిడి పడుతుంది. చిన్న వాలులో అదే పని నెమ్మదిగా, ఎక్కువసేపు జరుగుతుంది. సైకిలు మీద శరీర బరువును సీటు మోస్తుంది కాబట్టి, మోకాళ్ల నొప్పులతో ఎక్కువ దూరం నడవలేనివారు కూడా తొక్కగలుగుతారు.

పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు మధ్యరకం వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మధ్యరకం అంటే ఎంత? తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాట కూడా రాకుండా ఆయాసం వస్తే వేగం తగ్గించండి.

ముందుగా డాక్టరును అడగవలసినవారు

* గుండెపోటు వచ్చినవారు, స్టెంటు గాని బైపాస్ గాని చేయించుకున్నవారు.
* నడిచినప్పుడు ఛాతీలో బరువు, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నవారు.
* బి.పి. అదుపులో లేనివారు.
* షుగరు వల్ల కంటి జబ్బు, కాళ్ల తిమ్మిరి, పాదాల పుండ్లు ఉన్నవారు.
* ఆస్తమా ఉన్నవారు. వీరు ఇన్‌హేలరు జేబులోనే ఉంచుకోవాలి. చల్లగాలి, కంకర దుమ్ము రెండూ ఆయాసం తెప్పించగలవు.

షుగరు ఉన్నవారికి

ఇన్సులిన్ గాని, షుగరును బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారికి తొక్కేటప్పుడే కాదు, ఆ రాత్రి కూడా షుగరు పడిపోవచ్చు. బయలుదేరే ముందు పరీక్ష చేసుకోండి. 100 లోపు ఉంటే ఏదైనా తిని బయలుదేరండి. 250 దాటి, ఒంట్లో బాగా లేకపోతే ఆ రోజు మానుకోండి.

వణుకు, చెమటలు, ఆకలి, తికమక మొదలైతే వెంటనే దిగి మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగండి. 15 నిమిషాల తరువాత తగ్గకపోతే మళ్లీ త్రాగండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు. అటెనోలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు వాడేవారికి షుగరు పడిపోయినా గుండెదడ తెలియకపోవచ్చు. వారు చెమటను గమనించాలి.

కంకర మీద జాగ్రత్తలు

* టైరు వెడల్పుగా ఉండాలి. గాలి తారు రోడ్డు మీద కంటే కొంచెం తక్కువ ఉంటే పట్టు బాగుంటుంది, చేతులకు అదురు తగ్గుతుంది.
* పెడలు క్రిందికి వచ్చినప్పుడు మడమ ఆనించి చూస్తే కాలు తిన్నగా ఉండాలి. సీటు అంతకంటే క్రిందికి ఉంటే మోకాలు నొప్పి పుడుతుంది.
* ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టవద్దు. మలుపుకు ముందే రెండూ కలిపి వేగం తగ్గించండి.
* ముందు ఎక్కి, తిరుగు ప్రయాణంలో దిగేలా చూసుకోండి. హుషారుగా దిగిపోయి, అలసిన తరువాత ఎక్కవలసి రావడమే చాలామందికి ఇబ్బంది తెస్తుంది.
* వాహనాలు లేవని హెల్మెట్ మానవద్దు. జారిపడడానికి లారీయే అక్కరలేదు. బాట రోడ్డును దాటే చోట్ల ఆగి చూడాలి.
* కొండల్లో ఫోను సిగ్నలు లేని చోట్లు ఉంటాయి. ఒంటరిగా వెళ్లవద్దు. దారి ప్రక్కన మైలు గుర్తులు ఉంటాయి. 911కు ఫోను చేస్తే దగ్గరి మైలు సంఖ్య చెప్పండి.

ఛాతీలో బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి వస్తే “ఇంకొంచెమే కదా” అని తొక్కవద్దు. అక్కడే దిగి కూర్చుని సహాయం పిలవండి.

మన ఊళ్లో ఎలా?

మన ఘాట్ రోడ్లు దీనికి సాటి కావు. అక్కడ వాలూ ఎక్కువే, వాహనాలూ ఎక్కువే. క్రొత్తగా మొదలుపెట్టేవారికి కాలువ గట్టు బాట, పొలాల మధ్య మట్టి రోడ్డు, ప్రొద్దున్నే ఖాళీగా ఉండే స్కూలు మైదానం మేలు. మొదటి వారం రోజుకు 10 నిమిషాలు చాలు. వారం వారం అయిదు నిమిషాలు పెంచండి. రెండు నెలలకు మీరే తేడా గమనిస్తారు. ఆ తరువాత పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడు కొండ బాట కూడా మీకు కష్టమనిపించదు. ఈసారి పరీక్షకు వచ్చినప్పుడు మీరు ఎక్కడ, ఎంతసేపు తొక్కుతున్నారో డాక్టరుగారికి తప్పక చెప్పండి. అవసరమైతే మందుల మోతాదు వారు దాన్ని బట్టి సరిచేస్తారు.