ధరల వెనక కథలు

“మా కాలంలో రూపాయికి సంచి నిండేది” అని తాతలు అన్నారు. మనమూ అంటున్నాం. రేపు మన పిల్లలూ అంటారు. ధర పెరగగానే కొట్టువాడి మీదో, సర్కారు మీదో విసుక్కోవడం మనకు అలవాటు. కానీ ఆ ధర వెనక ఒకసారి ఎండ ఉంటుంది, ఒకసారి ఎక్కడో యుద్ధం, ఒకసారి మితిమీరి అచ్చేసిన నోట్లు, ఒకసారి ఉత్త భయం. అలాంటి సంగతులు కొన్ని...

* రేటు తగ్గింది, ధర తగ్గలేదు

2025 అక్టోబరులో దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతం. 2012 ఆధారంగా నడిచిన సూచీలో అంత తక్కువ అంతకుముందెన్నడూ లేదు. మరి వీధి చివరి కొట్లో సరుకులన్నీ ఎందుకు చౌక కాలేదు? ద్రవ్యోల్బణం చెప్పేది ధర ఎంత ఉందో కాదు, ఎంత వేగంగా పెరుగుతోందో. నిరుడు 100 రూపాయలున్నది ఈ ఏడు 107 అయితే 7 శాతం. వచ్చే ఏడు 108 అయితే ఒక శాతం కూడా లేదు. పేపర్లో అది శుభవార్తే, మనం కట్టేది మాత్రం 108. మొత్తం మీద ధరలు వెనక్కి రావాలంటే ఆ అంకె ముందు మైనస్ గుర్తు పడాలి.

* ఎవరి బుట్ట వారిదే

ద్రవ్యోల్బణం లెక్కకు వాడిన 2012 సూచీ బుట్టలో 299 రకాల సరుకులు, సేవలు ఉండేవి. వాటిలో టేప్‌రికార్డరు, డీవీడీ ప్లేయరు, చివరికి గుర్రబ్బండి ఛార్జీ కూడా ఉన్నాయి! ఆ బుట్టలో తిండికీ, పానీయాలకూ పల్లెల్లో 54.18 శాతం వాటా ఇస్తే, పట్టణాల్లో 36.29 శాతమే ఇచ్చారు. ఇంటి అద్దెకు పట్టణాల్లో 21.67 శాతం. పల్లెల్లో అసలు లెక్కే లేదు. కాబట్టి పప్పు, కూరగాయలు మండితే పల్లె ఎక్కువ కాలుతుంది, అద్దెలు పెరిగితే పట్నం. టీవీలో చెప్పే శాతం సగటు మాత్రమే. మందుల ఖర్చు ఎక్కువున్న పెద్దవాళ్ల ఇంటి ద్రవ్యోల్బణం, స్కూలు ఫీజులు కట్టే ఇంటి ద్రవ్యోల్బణం ఎన్నడూ ఒకటి కావు.

* మదనపల్లె ముచ్చట

టమాటా మార్కెట్ అంటే మదనపల్లె. 2023 జులై చివర్లో అక్కడ మేలురకం కాయ కిలో 150 రూపాయలు దాటింది. అదీ టోకున. ఆ నెల దేశంలో కూరగాయల ధరలు ఏడాది కిందటితో పోలిస్తే 37 శాతం పైగా పెరిగి, మొత్తం చిల్లర ద్రవ్యోల్బణాన్ని 7.44 శాతానికి లాక్కెళ్లాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50 రూపాయలకు రాయితీ మీద అమ్మించింది. కారణాలు వెతికితే ఎండలు, అకాల వర్షాలు, తెగుళ్లు కనిపిస్తాయి. వాటికంటే ముందుది ఇంకొకటుంది. అంతకుముందు గిట్టుబాటు కాక చేతులు కాల్చుకున్న రైతులు ఆ పంట తగ్గించేశారు.

తర్వాత జరిగింది కూడా అంతే సహజం. టమాటా నాటిన రెండు మూడు నెలల్లో కోతకొస్తుంది. అధిక ధర చూసి అందరూ నాటారు. సెప్టెంబరుకల్లా సరుకు ముంచెత్తి ధర పాతాళానికి పడిపోయింది. నేటి ధర చూసి వేసిన పంట రేపటి ధరకు అమ్ముడుపోవడమే ఈ వైకుంఠపాళికి మూలం.

* మన రూపాయిలో రైతుకెంత?

ధర పెరిగితే రైతు బాగుపడతాడని పట్నంవాళ్లు అనుకుంటారు. రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన అధ్యయన పత్రాల ప్రకారం వినియోగదారుడు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది టమాటా మీద సుమారు 33 పైసలు, ఉల్లి మీద 36, బంగాళాదుంప మీద 37. మిగిలింది కమీషను, కూలి, లారీ కిరాయి, కుళ్లిపోయే సరుకు, చిల్లర వ్యాపారి లాభం. ఈ దూరం తగ్గించడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి.

* సర్కార్లను ఏడిపించిన గడ్డ

1998లో ఉల్లి ధర చుక్కలనంటింది. ఆ ఏడాది ఢిల్లీ ఎన్నికల్లో అధికార పార్టీ ఓడిపోవడానికి అదీ ఒక పెద్ద కారణమని నేటికీ చెప్పుకుంటారు. ఉల్లికి ఆ బలం దాని పంట క్యాలెండరులో ఉంది. దేశంలో పండే ఉల్లిలో ఎక్కువ భాగం రబీదే. వేసవిలో తవ్వి నిల్వ చేసిన ఆ సరుకే శరదృతువు దాకా నడవాలి. నిల్వలు అడుగంటే వేళకు కర్నూలు, మహారాష్ట్ర ఖరీఫ్ పంట అందుకోవాలి. సరిగ్గా అప్పుడే వానలు దంచితే పొలంలో గడ్డ కుళ్లుతుంది, బజారులో ధర లేస్తుంది. వెంటనే కేంద్రం ఎగుమతుల మీద సుంకమో నిషేధమో పెడుతుంది. 2019లోనూ, 2023లోనూ అలాంటి ఆంక్షలే పెట్టింది.

* అక్కడ యుద్ధం, ఇక్కడ మూకుడు

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పొద్దుతిరుగుడు నూనె చాలామటుకు ఉక్రెయిన్, రష్యాల నుంచి వచ్చేది. 2022 ఫిబ్రవరిలో ఆ రెండింటి మధ్య యుద్ధం మొదలవగానే నల్లసముద్రం ఓడరేవులు స్తంభించాయి. పామాయిల్‌తో సరిపెట్టుకుందామంటే, తన ప్రజలకే నూనె చాలడం లేదని ఇండోనేషియా అదే ఏడాది ఏప్రిల్ 28న ఎగుమతులు ఆపేసింది. మూడు వారాలు దాటాక గానీ మళ్లీ తెరవలేదు. ఏలూరు, ఖమ్మం వైపు ఆయిల్‌పామ్ తోటలు ఎంత విస్తరించినా దేశం కొరత తీరడానికి ఇంకా చాలా దూరముంది.

* ధర పెరగని ప్యాకెట్

ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఏళ్ల తరబడి ఐదు రూపాయలే. పెరగాల్సింది ధర, తగ్గింది బరువు. పది రూపాయల సబ్బు, చిప్స్ సంగతీ అంతే. ఐదుకు అలవాటుపడ్డ చెయ్యి ఆరు ఇవ్వడానికి వెనకాడుతుంది, ఆరేడు గ్రాములు తగ్గితే గమనించదు. కంపెనీలకు ఇది బాగా తెలుసు. ఇప్పుడు ప్యాకెట్ల మీద గరిష్ఠ ధరతోపాటు గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా వేయాలన్న నిబంధన ఉంది. చిన్న అక్షరాల్లో ఉండే ఆ అంకె చూస్తే అసలు ధర బయటపడుతుంది.

* ఖిల్జీ ధరల పట్టిక

1296 నుంచి 1316 దాకా ఢిల్లీని ఏలిన అల్లావుద్దీన్ ఖిల్జీకి మంగోలులను ఎదుర్కోవడానికి పెద్ద సైన్యం కావాలి, జీతాలు మాత్రం పెంచకూడదు. అందుకే గోధుమ, బియ్యం, బట్ట, గుర్రం దేనికెంతో తానే కట్టాడు. బజారుకొక అధికారిని, వేగులను పెట్టాడు. తూకంలో మోసం చేసిన వర్తకుడి ఒంట్లోంచి తక్కువైనంత మాంసం కోయించేవాడని చరిత్రకారుడు బరనీ రాశాడు. అయితే పని నడిపింది ఒక్క భయమే కాదు. పన్నును ధాన్యం రూపంలో వసూలు చేసి, గిడ్డంగులు నింపి, కరువు రోజుల్లో బయటికి తీశాడు. ఆయన పోయాక ఆ కట్టుబాట్లూ పోయాయి. నిల్వ లేని ధరల పట్టిక గోడకే పరిమితం.

* ఇంటింటా టంకశాల

1323లో ఓరుగల్లును జయించిన ఉలూగ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కాడు. 1330 ప్రాంతంలో రాగి, ఇత్తడి నాణేలను వెండి టంకాలతో సమానంగా చెల్లించాలని శాసించాడు. ఆలోచనలో తప్పులేదు, నేటి కాగితం నోటూ అలాంటిదే. కానీ ఎవరుపడితే వాళ్లు ఇంట్లో పోతపోసుకోగల నాణెం అది. దొంగ నాణేలు పోటెత్తాయి, వర్తకులు పుచ్చుకోబోమన్నారు. చివరికి సుల్తాను వాటిని వెనక్కి తీసుకుని ఖజానాలోంచి వెండి ఇవ్వాల్సి వచ్చింది.

* సున్నాల పంట

సరుకు పెరగకుండా డబ్బు మాత్రమే పెరిగితే ఏమవుతుందో హంగరీ చూసింది. 1946 జులైలో అక్కడ ధరలు సుమారు 15 గంటలకోసారి రెట్టింపయ్యేవి. 1 పక్కన 20 సున్నాల పెంగో నోటు చలామణిలోకి వచ్చింది. ఆగస్టు 1న ఫోరింట్ అనే కొత్త డబ్బు తెచ్చినప్పుడు ఒక్క ఫోరింట్‌కు ఇవ్వాల్సిన పెంగోలు: 4 పక్కన 29 సున్నాలు! 2009 జనవరిలో జింబాబ్వే అచ్చేసిన నోటు విలువ మన లెక్కలో కోటి కోట్ల జింబాబ్వే డాలర్లు.

* ధరే ప్రాణం తీసిన ఏడాది

1942లో బర్మా జపాను చేతికి చిక్కడంతో అక్కడి బియ్యం బెంగాలుకు ఆగిపోయింది. యుద్ధ ఖర్చుల కోసం డబ్బు కుమ్మరించారు, దొరికినవాళ్లు దొరికినంత దాచుకున్నారు. బియ్యం ధర ఎన్నో రెట్లు పెరిగింది, కూలి పెరగలేదు. 1943 కరువులో లక్షలమంది చనిపోయారు. అప్పటికి తొమ్మిదేళ్ల పిల్లవాడైన అమర్త్యసేన్ పెద్దయి ఆర్థికవేత్త అయ్యాక, 1981లో, ఆ ఏడాది తిండిగింజలు 1941 కంటే ఎక్కువేననీ, కొనే శక్తి పోవడమే ప్రాణాలు తీసిందనీ వాదించాడు.

* పావలాకు వీడ్కోలు

పాతిక పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లడం మానేశాయి. వాటితో కొనగలిగిన వస్తువు అంతకు చాలా ముందే మాయమైంది.

* రిజర్వు బ్యాంకు సంజాయిషీ

2016లో చట్టం మార్చి, ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం లోపల ఉంచే బాధ్యత రిజర్వు బ్యాంకుకు అప్పగించారు. వరుసగా మూడు త్రైమాసికాలు గీత దాటితే కేంద్రానికి రాతపూర్వకంగా కారణాలు చెప్పుకోవాలి. 2022లో తొలిసారి ఆ పరిస్థితి వచ్చింది. ఆ ఏడాది మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీది వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. ఇంటి రుణం ఉన్నవాళ్ల వాయిదాలు పెరిగింది అందుకే. అప్పు ఖరీదైతే జనం ఖర్చు తగ్గించుకుంటారు, గిరాకీ చల్లబడుతుంది. అయితే వడ్డీ పెంచితే టమాటా కాయదు. సరుకు కొరతతో వచ్చిన ధరకు మందు పొలంలో, గిడ్డంగిలో, దారిలో వెతకాల్సిందే.

* చివరగా ఒక చిన్న లెక్క

72ను ద్రవ్యోల్బణం రేటుతో భాగిస్తే ధరలు ఎన్నేళ్లకు రెట్టింపవుతాయో దాదాపుగా తెలుస్తుంది. 6 శాతమైతే 12 ఏళ్లు. ఈలోగా ప్రభుత్వోద్యోగికి కరువు భత్యం పెరుగుతుంది. రోజుకూలికి, తోపుడుబండి మీద అమ్మేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు, బేరమాడి తెచ్చుకోవాల్సిందే. బీరువాలో దాచిన లక్ష రూపాయలు ఆ 12 ఏళ్లూ లక్షగానే ఉంటాయి, కొనే శక్తి మాత్రం 50 వేలే మిగులుతుంది. కాబట్టి డిపాజిట్ వేసేముందు బ్యాంకు చెప్పే వడ్డీ పక్కన ద్రవ్యోల్బణం రేటు కూడా రాసి చూసుకోండి. వడ్డీ తక్కువైతే పాసుబుక్కులో అంకె పెరుగుతున్నా మీ డబ్బు తరుగుతున్నట్టే.