సాంతోరినిలో ఎన్ని రాత్రులు?

గ్రీసు దేశపు సాంతోరిని ద్వీపానికి ఒక్క పగలు చాలునని విహారనౌకలలో వచ్చేవారి లెక్క. ఉదయం దిగుతారు, తెల్లని ఇండ్ల నడుమ తిరుగుతారు, సాయంత్రానికి ఓడ ఎక్కుతారు. పాపం, వారు చూసేది ఒకరి వీపు నొకరు! ద్వీపవాసులు సుమారు 15,000 మంది. ఓడలలో వచ్చేవారినే 2025 నుండి రోజుకు 8,000 మందికి పరిమితం చేయవలసి వచ్చింది.

రెండు రాత్రులున్నవారికి ఉదయాలు దక్కుతాయి. ఓడలు రాకముందే ఫీరా నుండి ఓయాకు కొండ అంచు వెంట నడవవచ్చు. దారి సుమారు పది కిలోమీటర్లు. క్రింద కనిపించే సముద్రం, దాదాపు 3,600 ఏండ్ల క్రితం అగ్నిపర్వతం బ్రద్దలై నేల కుంగిన చోట నిండిన నీరే. నాటి బూడిదలో పూడుకుపోయిన అక్రోతిరి పట్టణాన్ని స్పిరిడాన్ మరినాటోస్ 1967లో త్రవ్వించనారంభించాడు. అంతస్తుల ఇండ్లు, మురుగుకాలువలు బయటపడ్డాయి గాని, పాంపేయిలో వలె మృతుల అవశేషాలు కానరాలేదు. ముందుగా వచ్చిన భూకంపాలకే జనం తరలిపోయారని పండితుల ఊహ. ఆ వీధులను తీరికగా చూడాలంటే మూడవ రాత్రి అవసరం.

అయితే వేసవిలో ‘మెల్తెమి’ అనే ఉత్తరపు గాలి విజృంభిస్తే పడవలు నిలిచిపోతాయి. ఏథెన్సు రేవు పిరెయస్‌కు పెద్ద ఓడలో ప్రయాణమే ఇంచుమించు ఎనిమిది గంటలు. సెలవులు లెక్కపెట్టుకుని ఇంత దూరం వెళ్లే భారతీయుడు నాలుగవ రాత్రిని ద్వీపంలో గాక, విమానానికి ముందు ఏథెన్సులో గడపడం మేలు.