మంత్రసాని చేటలో జొన్నలు

యాభై ఏండ్ల క్రిందట ఎమ్మిగనూరులో, మగ్గమే ఆధారమైన మా పెద్దమ్మకు మూడు కాన్పులూ ఇంటనే జరిగినవి. మంత్రసానికి చేటెడు జొన్నలు, ఒక చీర, ఆకువక్కలతో అయిదో పదో రూపాయలు ముట్టేవి. బాలింతకు కావలసిన శొంఠి, వెల్లుల్లి, పాతబెల్లం అంగడిలో అరువు. నేతకూలి అందిన వారం తీర్చేవారు. చౌకయే! కాని మూడవసారి మాయ పడక రక్తస్రావమైనది. నడిరేయి ఆదోనికి జీపు బాడుగ, మందులు, రక్తం. పెద్దమ్మ బంగారు కమ్మలు కుదువకు పోయి మరి తిరిగి రాలేదు.

శొంఠి బాలింత జీర్ణశక్తికి మంచిదేగాని అట్టి రక్తస్రావమును ఆపజాలదు. గృహిణులు ఇది గ్రహించవలెను. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం క్రింద ప్రభుత్వాసుపత్రిలో ప్రసవం, సిజేరియన్, మందులు, రక్తం, రానుపోను వాహనం ఉచితం. శొంఠి, బెల్లం ఖర్చు మాత్రం ఇంటివారిదే.