పచ్చ గుడ్డ మీద లేచే గుడి

తొలి ఛత్తీస్‌గఢీ సినిమా 'కహి దేబే సందేశ్' 1965లో వచ్చింది. తెర మీద ఊరు కనిపించాలంటే ఊరికి వెళ్లక తప్పని రోజులవి. దర్శకుడు మనూ నాయక్ యూనిట్‌ను వెంటబెట్టుకుని పలారీ గ్రామానికి వెళ్లి మరీ తీశారు. ఇప్పుడు రాయ్‌పూర్‌లో ఆల్బమ్ పాట తీసేవాళ్లకు ఆ ప్రయాణం తప్పనిసరి కాదు. నవరాత్రులకు వచ్చే జస్‌గీత్ (అమ్మవారి పాటల) వీడియోలు చూస్తే సంగతి తెలిసిపోతుంది. గాయకుడు నిలబడింది ఓ గదిలో. వెనక కనిపించేది కొండమీది గుడి, ఆ పైన మబ్బుల్లో అమ్మవారు. ఎన్నికల ఫలితాల రోజు టీవీలో యాంకర్ పక్కన నేలలోంచి సీట్ల స్తంభాలు లేచేదీ చాలాసార్లు ఈ విద్యతోనే. మనిషిని పచ్చ గుడ్డ ముందు నిలబెట్టి తీసి, ఆ గుడ్డ స్థానంలో వేరే దృశ్యం పెట్టే ఈ పద్ధతిని సినిమావాళ్లు గ్రీన్ మ్యాట్ అంటారు.

ఇందులో మొదటి మెట్టు చిన్న తీసివేత లెక్క. వీడియోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. గుడ్డ మీది ఒక చుక్కలో ఎరుపు 40, ఆకుపచ్చ 180, నీలం 60 ఉన్నాయనుకుందాం. ఆకుపచ్చలోంచి మిగతా రెంటిలో పెద్దదాన్ని తీసేస్తే 120 మిగులుతుంది. చెంప మీది చుక్కలో ఎరుపు 200, ఆకుపచ్చ 150, నీలం 120 అయితే అదే లెక్కకు సున్నా కన్నా తక్కువ వస్తుంది. అంటే మొదటిది తీసేయాల్సిన గుడ్డ, రెండోది ఉంచాల్సిన మనిషి. మన చర్మంలో ఏ ఛాయలోనైనా ఎరుపుదే పైచేయి కాబట్టి ఈ లెక్క ముఖం దగ్గర తప్పదు.

పచ్చటి వస్తువుల దగ్గర మాత్రం తప్పుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో దీపావళి రోజుల్లో ఆడవాళ్లు బుట్టలో బొమ్మ చిలకను పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లతో సువా పాటలు పాడతారు. ఆ నాట్యాన్ని గ్రీన్ మ్యాట్‌లో తీస్తే పచ్చరంగు వేసిన చిలక మాయమై, దాని స్థానంలో వెనకటి దృశ్యం కనిపిస్తుంది. అప్పుడు నీలం గుడ్డ కట్టాలి, లేదంటే ఎడిటర్ ప్రతి ఫ్రేములోనూ చిలక చుట్టూ మాస్క్ గీస్తూ కూర్చోవాలి.

నిజానికి సినిమా మొదట నమ్ముకున్నది నీలాన్నే. 1940లో వచ్చిన 'ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో లారీ బట్లర్ నీలం తెర పద్ధతిని వాడి ఆస్కార్ అందుకున్నాడు. అందులో దొంగ వేషం వేసినవాడు మైసూరు మావటి కొడుకు సాబూ. తర్వాత పెట్రో వ్లాహోస్ 'బెన్‌హర్' (1959) కోసం రంగుల తేడా మీద నడిచే పద్ధతిని రూపొందించాడు. పైన వేసిన తీసివేత లెక్కకు మూలం అదే. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆకుపచ్చది పైచేయి అయింది. 1976లో కొడాక్ ఇంజినీరు బ్రైస్ బేయర్ పేరిట పేటెంట్ పొందిన సెన్సర్ అమరికలో సగం గళ్లు ఆకుపచ్చవే కావడంతో ఆ రంగు నాణ్యంగా, తక్కువ గరుకుతో నమోదవుతుంది.

తెలుగువాళ్లకు ఈ మాయ కొత్తేమీ కాదు. 'మాయాబజార్' (1957)లో ద్వారకను కళాదర్శకులు గోఖలే, కళాధర్ 50 అడుగులకు 60 అడుగుల స్థలంలో దాదాపు 300 బుల్లి ఇళ్లతో కట్టారు. అక్కడ కష్టమంతా కట్టడంలో ఉంది. ఇప్పటి కష్టం కలపడంలో ఉంది.

ముఖ్యంగా జుట్టు దగ్గర. వెంట్రుక అంచున ఒకే చుక్కలో కొంత జుట్టు, కొంత గుడ్డ ఉంటాయి. అందుకే సాఫ్ట్‌వేర్ ప్రతి చుక్కకూ 0 నుంచి 1 వరకు ఆల్ఫా అనే విలువ ఇస్తుంది. ఆ విలువ 0.4 అయితే 40 శాతం జుట్టు, 60 శాతం వెనకటి గుడి కలిపి చూపిస్తుంది. ఇక పచ్చ గుడ్డ మీద పడ్డ వెలుతురు తిరిగొచ్చి మెడకూ చెవులకూ రంగు పులుముతుంది, పసుపు చేయి తగిలిన చోటల్లా మరక పడ్డట్టు. ఎడిటర్లు దీన్ని స్పిల్ అంటారు. ఎరుపు, నీలం రెంటినీ మించిపోయిన ఆకుపచ్చను కోసేస్తే అది చాలావరకు పోతుంది. అసలు మందు మాత్రం మనిషిని గుడ్డకు ఆరేడు అడుగులు ముందుకు జరపడమే.

కొన్నిసార్లు తప్పు కెమెరాలోనే ఉంటుంది. ఫోన్లు, మామూలు కెమెరాలు ఫైలు చిన్నదవ్వాలని ఫుల్ హెచ్‌డీ వీడియోలో వెలుగునీడలను 1920×1080 చుక్కల్లో పూర్తిగా దాచి, రంగును మాత్రం 960×540 చుక్కల్లోనే దాస్తాయి. కంటికి ఆ తేడా తెలియదు. రంగును బట్టి అంచు కోసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. భుజం మీద మెట్లుమెట్లుగా గీత వచ్చిందంటే ఎడిటర్‌ను తిట్టి లాభం లేదు.

ఇంత శుభ్రంగా కోసినా చాలా వీడియోలు అతికించినట్టే ఉంటాయి. కారణం క్షితిజరేఖ. కెమెరా నాలుగడుగుల ఎత్తున ఉంటే, అదే నేల మీద నిలబడ్డ అయిదున్నర అడుగుల మనుషులు దగ్గరున్నా దూరమున్నా, ఆ రేఖ అందరికీ ఛాతీ దగ్గరే పోతుంది. కంప్యూటర్‌లో కట్టిన రాజసభను పదడుగుల ఎత్తు నుంచి చూసినట్టు గీసి, అందులో నాలుగడుగుల ఎత్తు నుంచి తీసిన గాయకుణ్ని నిలబెడితే నేల వాలుగా, ఆయన గాల్లో ఉన్నట్టు అనిపిస్తుంది. చూసేవాళ్లు ఎందుకో చెప్పలేరు గానీ నమ్మరు. ఈ ఒక్క కొలత సరిచూడటానికి టేపు చాలు. అయినా చిన్న స్టూడియోల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే. కిటికీ ఒకవైపు ఉన్న సభలో ముఖానికి రెండోవైపు నుంచి వెలుగు పడటం దాని తర్వాతి తప్పు. పాదాల కింద నీడ లేకపోవడం మూడోది.

సిద్ధంగా ఉన్న వర్చువల్ సెట్లను ఒకప్పుడు సీరియస్ మ్యాజిక్ అనే సంస్థ తన 'అల్ట్రా' సాఫ్ట్‌వేర్‌తో అమ్మేది. 2006లో అడోబీ దాన్ని కొనేసింది. ప్రీమియర్‌లో కనిపించే అల్ట్రా కీ ఆ వారసత్వమే. ఇప్పుడు వీమిక్స్ లాంటి ప్రత్యక్ష ప్రసార సాఫ్ట్‌వేర్లలో సెట్లు ముందే ఉంటాయి.

పెద్ద సినిమాలు మరో దారి పట్టాయి. 2019లో వచ్చిన 'ద మాండలోరియన్' సిరీస్ చాలా సన్నివేశాల్లో గుడ్డను పక్కనపెట్టి భారీ ఎల్ఈడీ గోడ మీదే లోకాన్ని చూపించింది. కెమెరా కదిలితే గోడ మీది దృశ్యమూ దానికి తగ్గట్టు కదులుతుంది, ఆ గోడ వెలుగే నటుల ముఖాల మీద పడుతుంది. హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్, క్యూబ్ సినిమా కలిసి ఇలాంటి వేదిక నెలకొల్పాయి. నవ రాయ్‌పూర్‌కు కూడా చిత్రోత్పల ఫిలిం సిటీ మంజూరైంది. అయితే రాయ్‌పూర్‌లో పాటల పని చేసుకునే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ల జట్టుకు ఎల్ఈడీ గోడ అందుబాటులోకి రావడానికి చాలా కాలం పడుతుంది. అప్పటిదాకా పచ్చ గుడ్డే దిక్కు, అది చిన్నచూపు చూడాల్సిందీ కాదు.

ఇంట్లో ప్రయత్నించాలనుకునేవాళ్లకు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, బ్లెండర్, ఓబీఎస్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. గుడ్డకు విడిగా, మనిషికి విడిగా లైట్లు పెట్టండి, కెమెరా ఎత్తు కాగితం మీద రాసుకోండి. అన్నిటికంటే ముందు గుడ్డను ఇస్త్రీ చేయండి. ఒక్కో ముడత ఒక్కో నీడ అవుతుంది, ఆ నీడల్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తేలిగ్గా వదిలించలేదు.